విజయవాడలో కూర్చుని హార్డ్‌వేర్ రివ్యూ సైటు నడపడం: మొదటి కొలత నుంచి మొదటి ఆదాయం దాకా

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అయిపోయి కాలేజీలు తెరిచే రోజుల్లో ఇటు వడ్డేశ్వరం, నంబూరు, అటు కానూరు కాలేజీల్లో సీటు వచ్చిన పిల్లల ఇళ్లల్లో ఒకటే చర్చ: ఏ ల్యాప్‌టాప్ కొనాలి? నాన్న అరవై వేలు పక్కన పెట్టి ఉంటాడు. షాపులో కుర్రాడు తన దగ్గర స్టాకున్నదే మంచిదంటాడు. యూట్యూబ్‌లో ఇంకొకరు వేరే మోడల్ చూపిస్తారు. ఆ ఇంటివాళ్ల అసలు అనుమానాలు మాత్రం అలాగే ఉండిపోతాయి. ఏసీ లేని హాస్టల్ గదిలో మే నెలలో ఇది ఎంత హీట్ అవుతుంది? మాటిమాటికీ కరెంటు పోయి వస్తుంటే తట్టుకుంటుందా? పాడైతే ఊళ్లోనే బాగుచేస్తారా, హైదరాబాద్ పంపుతారా? వీటికి అంకెలతో, తెలుగులో జవాబు చెప్పేవాళ్లు చాలా తక్కువ.

హార్డ్‌వేర్ మీద ఇష్టం, కాస్త ఓపిక ఉన్నవాళ్లు ఆ లోటు తీర్చగలరు. విజయవాడ, గుంటూరు నుంచే చెయ్యొచ్చు. అయితే ఇంగ్లీషు సైట్లలో రాసినదాన్ని తెలుగులోకి మార్చి పెడితే ఆ లోటు తీరదు. మన గదిలో మనం తీసిన కొలత, ఆ కొలత ఎలా తీశామో దాచకుండా చెప్పడం: సైటుకు అసలు పెట్టుబడి ఈ రెండే. కింద రాసినదంతా వీటి చుట్టూనే ఉంటుంది.

ముందు ఎవరి కోసమో తేల్చుకోండి

అన్నీ రివ్యూ చేస్తామని మొదలుపెట్టే సైటు ఆరు నెలల్లో ఆగిపోతుంది. లక్ష రూపాయల గ్రాఫిక్స్ కార్డు విడుదలైన రోజే పెద్ద సైట్లు వారం ముందు అందిన శాంపిల్‌తో పూర్తి రివ్యూ పెట్టేస్తాయి. ఆ పోటీలోకి దిగకండి. మన చుట్టూ ఉన్న కొనుగోలుదార్లను చూడండి. ఇంజనీరింగ్ విద్యార్థులు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, డీటీపీ సెంటర్లు, ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసులు, గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లలో బిల్లింగ్ చూసే గుమాస్తాలు. వీళ్లలో ఒక్క వర్గాన్ని ఎంచుకుని, ఏడాది పాటు వాళ్ల కోసమే రాయండి.

నన్నడిగితే విద్యార్థుల ల్యాప్‌టాప్‌లు, వాటితో పాటు ఇంట్లో వాడే యూపీఎస్, ఇన్వర్టర్, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు), ర్యామ్ లాంటి చిన్న వస్తువులతో మొదలుపెట్టమంటాను. చిన్న వస్తువులకు ఖర్చు తక్కువ, వాటి మీద తెలుగులో సమాచారం ఇంకా తక్కువ. యూపీఎస్ మీద ఒక నిఖార్సైన రివ్యూ ఏళ్ల తరబడి చదువుతారు. ల్యాప్‌టాప్ రివ్యూ ఆయుష్షు ఏడాది, మహా అయితే ఏడాదిన్నర.

సైటు కట్టడం: ఒక వారాంతం చాలు

ఈ పని మీద ఎక్కువ రోజులు పెట్టకండి. డాట్ ఇన్ డొమైన్ ఒకటి కొని, వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) పెట్టి, తేలికపాటి థీమ్ వేసుకుంటే చాలు. పేరు చిన్నదిగా, ఫోన్లో ఒకసారి చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా టైప్ చేసేలా ఉండాలి.

తెలుగు విషయంలో మూడు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, రాసేది యూనికోడ్‌లోనే ఉండాలి. మన డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్ల తెలుగు కాగితం మీదికి బాగుంటుంది కానీ, దాన్ని సైటులో అతికిస్తే గజిబిజి అక్షరాలే కనిపిస్తాయి, గూగుల్‌కు అది తెలుగని తెలియదు. రెండోది ఫాంటు. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి ఉచితంగా దొరుకుతాయి, చిన్న ఫోన్లలో కూడా ఒత్తులు విడిగా కనిపిస్తాయి. తెలుగుకు పైనా కిందా గుణింతాలు, ఒత్తులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషుకు పెట్టే దానికంటే ఎక్కువ పెట్టండి. మూడోది లింకు. శీర్షిక తెలుగులో ఉన్నా, లింకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టండి. తెలుగు లింకును వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు శాతం గుర్తులతో బారెడు పొడవున కనిపిస్తుంది. దాన్ని చూసి అదేదో వైరస్ లింకనుకుని నొక్కనివాళ్లుంటారు.

కొలవడం: ఇక్కడే సైటు నిలబడుతుంది

ముందు గది వేడి సంగతి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత మీద ఎక్కి కూర్చుంటుంది. 22 డిగ్రీల ఏసీ గదిలో 78 డిగ్రీలు చూపించిన ప్రాసెసర్, వాట్లు, ఫ్యాన్ వేగం మారకపోతే, 37 డిగ్రీల గదిలో దాదాపు 93 చూపిస్తుంది. ఆ పైన దానికి హద్దు ఉంటుంది. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు అది 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 డెస్క్‌టాప్ చిప్‌లలో చాలావాటికి 95. ఆ హద్దు తాకగానే చిప్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. అంటే చల్లని గదిలో కొలిచి రాసిన రివ్యూలో కనిపించని వేగం నష్టం, బెజవాడ ఎండాకాలంలో నేరుగా కొన్నవాడి మీద పడుతుంది. ఎండ ముదిరితే ఇక్కడ బయట 40 డిగ్రీలు దాటడం మామూలే, మేడ మీద గదుల్లో రాత్రయినా వేడి దిగదు.

అందుకని ప్రతి ల్యాప్‌టాప్‌నూ రెండు రకాలుగా కొలవండి. ఒకసారి ఏసీ 25 డిగ్రీల దగ్గర పెట్టి, ఇంకోసారి ఏసీ లేకుండా. థర్మామీటర్ ల్యాప్‌టాప్‌కు అడుగు దూరంలో, గాలి లోపలికి పీల్చుకునే వైపు ఉంచండి. వేడి గాలి బయటికి వదిలే వైపు పెడితే కొలత పనికిరాదు. సీలింగ్ ఫ్యాన్ వేశారా లేదా అన్నది కూడా రాయాలి. ఫ్యాన్ గాలి కీబోర్డు మీద పడితే చేతికి తగిలే వేడి తేడాగా ఉంటుంది. ప్రతి రివ్యూలో ఫ్యాన్ ఒకే వేగంలో ఉండేలా నియమం పెట్టుకోండి.

ఉష్ణోగ్రత ఒక్కటే రాస్తే పాఠకుడికి సగం సంగతే తెలుస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఉష్ణోగ్రత, ప్రాసెసర్ తీసుకునే వాట్లు, గిగాహెర్ట్జ్ మూడూ కలిపి లాగ్ చెయ్యండి. కనీసం అరగంట ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి, లోడు మీద నడపాలి. ఇంటెల్ చిప్‌లు మొదట కొద్దిసేపు ఎక్కువ వాట్లు తీసుకుని పరుగెత్తుతాయి, తర్వాత తక్కువ పరిమితికి దిగుతాయి. ఒకటిన్నర నిమిషంలో ముగిసే బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) ఎక్కువగా ఆ మొదటి పరుగునే చూపిస్తుంది. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్‌ను పది నిమిషాల చొప్పున మూడుసార్లు వరసగా నడిపి, మొదటి స్కోరు, చివరి స్కోరు పక్కపక్కన పెట్టండి. ఆ రెండింటి మధ్య తేడా చాలా రివ్యూల్లో మీకు దొరకదు, కొనేవాడికి కావలసింది అదే.

హాస్టల్ పిల్లలు ల్యాప్‌టాప్‌ను పరుపు మీదే పెట్టి వాడతారు. చాలా మోడళ్లకు గాలి కింది నుంచే లోపలికి వెళ్లాలి. కాబట్టి దుప్పటి మీద పెట్టి పదిహేను నిమిషాలు నడిపి, ఎంత వేగం పడిపోయిందో రాయండి. ఈ పరీక్ష జరిగినంతసేపూ పక్కనే ఉండండి.

కరెంటు విషయం కూడా ఇంతే ముఖ్యం. ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య పెట్టే వాట్ మీటర్ ఒకటి కొనండి. వెయ్యి, రెండు వేలలో దొరికే మీటరు మొదట్లో సరిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు, పూర్తి లోడులో ఎన్ని, గోడ దగ్గర వోల్టేజీ ఎంత అన్నవి ప్రతి రివ్యూలో రాయండి. మన లైన్ 230 వోల్టులని లెక్క, సాయంత్రం మీ మీటరులో ఎంత కనిపిస్తుందో మీరే చూస్తారు.

డెస్క్‌టాప్‌లకు ఇన్వర్టర్ పరీక్ష పెట్టండి. కరెంటు పోయిన క్షణం నుంచి ఇన్వర్టర్ అందుకునే దాకా కంప్యూటర్‌ను నిలబెట్టేది ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే కేబినెట్ లోపలి పవర్ సప్లైలో, నిలవ ఉన్న కరెంటే. మంచి ఎస్‌ఎంపీఎస్ ఆ నిలవతో సుమారు 16, 17 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. మన ఇళ్లల్లో ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో అందుకోవడం ఆలస్యమై కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, ఇన్వర్టర్ పాడైందని జనం మెకానిక్‌ని పిలుస్తారు. రెండు మోడ్‌లలోనూ, లోడు మీద ఉండగా, మెయిన్ ఆపి పదేసిసార్లు చూడండి. ఎన్నిసార్లు నిలబడింది, ఎన్నిసార్లు పడిపోయింది అన్నదే ఫలితం. ఈ ఒక్క పట్టిక కోసమే మీ సైటుకు వచ్చేవాళ్లుంటారు.

ఒక హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్‌ను విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉంటుంది. దాని నాణ్యత తేల్చాలంటే లోడ్ టెస్టర్ అనే ఖరీదైన యంత్రం కావాలి. అది లేనప్పుడు నాణ్యతకు మార్కులు వెయ్యకండి, మీరు కొలిచినంత వరకే చెప్పండి. రంగుల విషయం కూడా ఇలాగే చూడాలి. రంగులు కొలిచే కలరీమీటర్ లేకుండా స్క్రీన్ ఇంత శాతం ఎస్‌ఆర్‌జీబీ (ప్రమాణంగా పెట్టుకున్న రంగుల పరిధి) చూపిస్తోందని రాయకూడదు. కంపెనీ చెప్పిన అంకె అయితే, కంపెనీ చెప్పిందని రాయాలి.

ఎస్‌ఎస్‌డీలకు క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే వేగ పరీక్ష స్కోరు ఒక్కటీ సరిపోదు. అది రాసే ఒకటి, రెండు జీబీ ఎస్‌ఎస్‌డీలో క్యాష్ అనే వేగమైన తాత్కాలిక భాగంలోనే ఇమిడిపోతుంది. పెళ్లి షూటింగ్ కార్డుల నుంచి రెండు వందల జీబీ ఫుటేజీ కాపీ చేసే ఎడిటర్‌కు ఆ క్యాష్ నిండిపోయాక వచ్చే వేగమే అసలు వేగం. డిస్కును ముందు ఎనభై శాతం నింపి, తర్వాత పెద్ద ఫైలు కాపీ పెట్టి, వేగం ఎక్కడ పడిపోయిందో గ్రాఫ్ గీయండి.

ఇక బెంచ్‌మార్కుల ఎంపిక. ప్రపంచమంతా వాడే బ్లెండర్, 7-జిప్, సినీబెంచ్, 3డీమార్క్ ఉండాలి, అప్పుడే మీ అంకెలను ఇతరుల అంకెలతో సరిచూసుకోవచ్చు. వాటికి మీ సొంత పరీక్షలు రెండు చేర్చండి. ఎడిటర్ స్నేహితుడి అనుమతితో ఒక పెళ్లి వీడియో టైమ్‌లైన్‌ను ఎప్పటికీ మార్చకుండా దాచుకుని, ప్రతి కంప్యూటర్‌లోనూ దాన్నే ఎక్స్‌పోర్ట్ చేసి సమయం రాయండి. విద్యార్థుల కోసం ఒక ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ ప్రాజెక్టును ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్ చేసి, ఎమ్యులేటర్, క్రోమ్ కూడా తెరిచి ఉంచి, 8 జీబీ ర్యామ్‌కూ 16 జీబీ ర్యామ్‌కూ తేడా చూపించండి. గేములకు క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడి సగటు ఎఫ్‌పీఎస్‌తో (సెకనుకు ఎన్ని ఫ్రేములు) పాటు 1 శాతం లో (అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం) అనే అంకె కూడా ఇవ్వండి. ఆటలో పట్టి పట్టి ఆగుతున్నట్టు అనిపించడం సగటులో కనబడదు, ఆ అంకెలో కనబడుతుంది.

ప్రతి పరీక్షా మూడుసార్లు, వాటిలో ఎక్కువా తక్కువా కాని మధ్య ఫలితం ప్రచురణకు. విండోస్ బిల్డ్, డ్రైవర్ వెర్షన్, బయోస్ వెర్షన్, పవర్ మోడ్ పేరు, పరీక్ష తేదీ ఒక షీట్‌లో నమోదు కావాలి. ఆరు నెలల తర్వాత ఎవరైనా మీ అంకెను ప్రశ్నిస్తే జవాబు చెప్పేది ఆ షీటే.

వస్తువులు ఎక్కడి నుంచి వస్తాయి

మొదటి అయిదు రివ్యూలకు ఒక్క రూపాయి పెట్టనక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్, తమ్ముడిది, పక్కింటి బాబాయి ఆఫీసు కంప్యూటర్ ఉన్నాయి. ఏడాది వాడిన వస్తువు రివ్యూకు ప్రత్యేకమైన విలువ ఉంది: బ్యాటరీ ఎంత తగ్గింది, హింజ్ వదులైందా, ఫ్యాన్‌లో దుమ్ము ఎంత చేరింది అన్నవి కొత్త పీస్‌లో ఎవరూ చెప్పలేరు.

తర్వాత షాపులు. విజయవాడ గవర్నర్‌పేటలో, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో షాపు యజమానులను కలవండి. సీల్డ్ పీస్ అడగకండి, ఒకసారి విప్పితే ఆయన దాన్ని కొత్తదిగా అమ్మలేడు. డిస్‌ప్లే పీస్ అడగండి. ఇంకా మంచి దారి, కస్టమర్ కోసం అసెంబుల్ చేసిన సిస్టమ్‌ను డెలివరీకి ముందు రాత్రి పరీక్షించడం. కస్టమర్ ఒప్పుకోవాలి, ఆయనకు టెస్ట్ రిపోర్టు ఇవ్వాలి. రాత్రంతా లోడు మీద నడిచిన సిస్టమ్ ఇంటికి వెళ్లాక మొరాయించే అవకాశం తక్కువ కాబట్టి షాపువాళ్లకూ లాభమే. “అన్నా, బాగుంటే బాగుందని రాస్తా, బాగోకపోతే అదీ రాస్తా, మీ షాపు పేరు మాత్రం సాయం చేసినందుకు కిందే వేస్తా” అని మొదటి రోజే చెప్పండి. దానికి ఒప్పుకోని షాపు నుంచి వస్తువు తీసుకోవద్దు. తిరిగిచ్చే తేదీ, ఏమైనా గీత పడితే ఎవరి బాధ్యత అన్నది కాగితం మీద రాసుకోండి.

కంపెనీలు శాంపిల్ పంపే రోజు కోసం తొందరపడకండి. ఎలా కొలుస్తామో చెప్పే పద్ధతి పేజీ, పాతిక దాకా సొంత కొలతల రివ్యూలు సైటులో ఉన్నాక కంపెనీ పీఆర్ ఏజెన్సీకి మెయిల్ పెడితే ఆ మెయిల్‌కు బరువుంటుంది. ఎంబార్గో, అంటే ఫలానా సమయం దాకా ప్రచురించకూడదన్న షరతు, అందరికీ ఒకేలా ఉంటే ఒప్పుకోవచ్చు. ప్రచురణకు ముందు రివ్యూ చూపించమంటే మాత్రం ఒప్పుకోకండి. ఏదైనా అంకె మీద అనుమానముంటే ఆ అంకె వరకు అడిగి తెలుసుకోండి, చాలు.

ఇంకో జాగ్రత్త. ఒకే పేరుతో వేరువేరు వస్తువులు అమ్ముతారు. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్ 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంత పరిమితితోనైనా రావచ్చు, ఆ పరిమితితో పాటే వేగమూ మారుతుంది. ఒకే ల్యాప్‌టాప్ సిరీస్‌లో ఒకదానికి మంచి స్క్రీన్, ఇంకోదానికి వెలిసిపోయినట్టుండే స్క్రీన్ వస్తాయి. ఎస్‌ఎస్‌డీలకు పేరు మార్చకుండానే లోపలి చిప్‌లు మార్చిన సందర్భాలున్నాయి. అందుకే పెట్టె మీది పూర్తి పార్ట్ నంబర్, ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ వెర్షన్ ఫొటో తీసి రివ్యూలో పెట్టండి.

రాయడం

తీర్పు మొదటి పేరాలోనే ఉండాలి. ఎవరు కొనాలి, ఎవరు వద్దనుకోవాలి, ఏ ధర దాటితే మానుకోవాలి. ధర పక్కన తేదీ, ఎక్కడి ధర అన్నది తప్పకుండా రాయండి: ఆన్‌లైన్‌లో ఇంత, గవర్నర్‌పేటలో జీఎస్టీ బిల్లుతో ఇంత, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఇంత. మనవాళ్లు రెండు వేలు కలిసొస్తుందని సీటీసీ దాకా వెళ్తారు. రానుపోను ఖర్చు, వారంటీ కోసం మళ్లీ అక్కడికే తిరగాల్సి రావడం కలిపి లెక్కేసి చూపిస్తే పాఠకుడికి మేలు చేసినట్టే.

ప్రాసెసర్, ర్యామ్, బోర్డు, కేబినెట్ లాంటి మాటలకు తెలుగు పదాలు వెతక్కండి. షాపులో ఏమంటారో అదే రాయండి. మోడల్ నంబర్‌ను శీర్షికలో ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి, జనం గూగుల్‌లో అలాగే వెతుకుతారు. ఫొటోలు మీవే అయి ఉండాలి. పోర్టులు, అడుగు భాగం, విప్పిన లోపలి భాగం, ఛార్జర్ బరువు తూకం మీద, ఇవి కొనేవాడు నిజంగా చూసే ఫొటోలు. ఉత్పత్తుల రివ్యూలకు సొంతంగా వాడిన ఆధారాలు, కొలతలు ఉండాలని గూగుల్ 2021 నుంచి బాహాటంగానే చెబుతోంది. అంటే పాఠకుడికి ఏది మంచిదో గూగుల్ ర్యాంకుకూ అదే మంచిది.

సర్వీసు గురించి విడిగా ఒక భాగం రాయండి. దగ్గరి సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉంది, ఇంటికి వస్తారా, వారంటీ కంపెనీ ఇస్తుందా డిస్ట్రిబ్యూటర్ ఇస్తాడా అన్నవి ఫోన్ చేసి కనుక్కుని, కనుక్కున్న తేదీతో వెయ్యండి.

లోపం రాసేటప్పుడు ఆధారం చేతిలో ఉండాలి. లాగ్ ఫైలు, ఫొటో, వీలైతే రెండో పీస్ మీద అదే పరీక్ష. కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబుకు గడువిచ్చి, వచ్చిన జవాబును యథాతథంగా చేర్చండి.

డబ్బు, చట్టం

మొదటి ఏడాది దీని మీద ఇల్లు గడవదనే లెక్కతో దిగండి. ఉద్యోగం, షాపు ఏదుంటే అది వదలకండి. 1997లో ఆనంద్ లాల్ షింపీ అనే పద్నాలుగేళ్ల కుర్రాడు అమెరికాలో మొదలుపెట్టిన ఆనంద్‌టెక్, లోతైన కొలతలకు ప్రపంచమంతా గౌరవించిన సైటు. అది కూడా 2024 ఆగస్టు 30న ప్రచురణ ఆపేసింది. అంత పేరున్న సైటుకే కష్టమైంది కాబట్టి నెలవారీ ఖర్చును వీలైనంత తక్కువలో ఉంచుకోండి.

గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు సైట్లకు వస్తుంది, ఖాతాలో 100 డాలర్లు చేరాకే డబ్బు పంపుతారు. దానికంటే కొనుగోలు లింకుల మీద వచ్చే కమీషన్‌తోనే ఇలాంటి సైటుకు ఎక్కువ ఆశ. అయితే కమీషన్ ఇచ్చే లింకు ఉందని ఆ పేజీ పైనే, తెలుగులోనే రాయాలి. డబ్బు, వస్తువు, మరే లాభం తీసుకుని ప్రచారం చేసినా స్పష్టంగా, అదే భాషలో ప్రకటించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రచారానికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఉంది.

కంపెనీ పంపిన ల్యాప్‌టాప్‌ను ఉంచేసుకుంటే అది ఆదాయం కిందికి వస్తుంది. ఏడాదిలో అలాంటి లాభం విలువ 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా కోసే పన్ను) కోయాలన్న నిబంధన 2022 జూలై నుంచి అమల్లోకి వచ్చింది, తిరిగి పంపేసిన వస్తువుకు అది లేదు. తిరిగి పంపేయడమే నా సలహా. పన్ను చిక్కు ఉండదు, పాఠకుడికి అనుమానమూ ఉండదు. కొరియర్ రసీదు దాచుకోండి. లెక్కలకు మొదటి ఏడాదే ఒక ఆడిటర్‌ను కలవడం మంచిది.

స్థానిక షాపుల ప్రకటనలు తీసుకోవచ్చు. ప్రకటన ఇచ్చిన షాపు నుంచి ఆ నెలలో రివ్యూ వస్తువు తీసుకోకూడదన్న నియమం పెట్టుకుని, దాన్ని సైటులో అందరికీ కనిపించేలా రాయండి.

పెంచడం

కొత్త పేజీలు రాయడం ఒక పని, పాత పేజీలను బతికించడం ఇంకో పని. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. ప్రతి ల్యాప్‌టాప్ రివ్యూకు ఆరు నెలల తర్వాత ఒక భాగం చేర్చండి. బ్యాటరీ ఆరోగ్యం ఎంత, బయోస్ అప్‌డేట్ తర్వాత వేగం మారిందా, కొన్నవాళ్లు ఏమంటున్నారు. తప్పు దొరికితే తేదీతో సహా సరిచేసి, సరిచేసినట్టు పైన రాయండి.

కొలతలన్నీ ఒకే పట్టికలో చేర్చుతూ పోండి. ముప్పై ల్యాప్‌టాప్‌ల వేడి గది ఫలితాలు ఒకే చోట ఉంటే, తెలుగు రానివాళ్లు కూడా ఆ పట్టిక కోసం వస్తారు. కాలేజీల్లో సీనియర్లను కలిసి, కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక సాయంత్రం ఉచితంగా మాట్లాడండి. ఒక్క తరగతి వాట్సాప్ గ్రూపులో లింకు చేరితే అది నాలుగేళ్లు తిరుగుతుంది. ప్రతి రివ్యూకు రెండు నిమిషాల వీడియో కూడా చెయ్యండి, ఇన్వర్టర్ పరీక్షలో మెయిన్ ఆపినప్పుడు సిస్టమ్ పడిపోవడం మాటల్లో కంటే వీడియోలో బాగా అర్థమవుతుంది.

ఏడాదిని మన ఊరి కాలానికి తగ్గట్టు పంచుకోండి. ఏప్రిల్, మే వేడి పరీక్షలకు, అప్పుడు గదిని వేడి చెయ్యాల్సిన పని ఉండదు. జూన్ రాతకు. జూలై మొదటి వారానికి విద్యార్థుల ల్యాప్‌టాప్‌ల పేజీ సిద్ధంగా ఉండాలి. దసరా, దీపావళి ఆఫర్లలో ధరల పేజీని రోజూ సరిచూడాలి, పాత ధర ఉన్న రివ్యూ ఆ వారంలో చాలా నష్టం చేస్తుంది. జనవరిలో లాస్ వేగస్‌లో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగి కొత్త చిప్‌ల ప్రకటనలు వస్తాయి, అవి మన షాపులకు చేరడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో పాత మోడళ్ల ధర తగ్గుతుంది కాబట్టి, వాటి రివ్యూల్లో “ఈ ధరకు కొనొచ్చు” అన్న వాక్యాన్ని మళ్లీ చూసి మార్చండి.